పొయ్యి మీది గిటారు

“కనకా, పొయ్యి మీద గిటారు దించి బేగి తే. టీచరమ్మొచ్చింది” అని ఫల్గుణ ముందు గదిలోంచి కేకేశాడు.

వేరే ఇళ్ళలో అయితే పొయ్యి మీద కూర దించమంటారు, పాలు దించమంటారు. అరకు సంత దారిలో ఉన్న ఈ ఇంట్లో మాత్రం మూడేళ్ళుగా గిటార్లు దించుతున్నారు. కనక అంబలి కలుపుతున్న గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, పీట ఎక్కింది. పొయ్యి పైన పొగకి కట్టిన మొక్కజొన్న విత్తనం కంకుల మధ్య వేలాడుతోంది నీలం రంగు ఎలక్ట్రిక్ గిటారు. దాని వైపు చూసిందే గానీ చెయ్యి చాపలేదు.

కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. విజయనగరం నుంచి ఆశ్రమ పాఠశాలకి వచ్చిన సౌందర్య టీచరంటే కనకకి రెండు నెలలుగా కడుపుమంట. ఆ అమ్మాయి ప్రతి ఆదివారం వస్తుంది, ముందు గదిలో కూచుంటుంది, బాగుచేసి సిద్ధంగా ఉన్న గిటారేదైనా ఒళ్ళో పెట్టుకుని గంటసేపు వాయిస్తుంది. ఫల్గుణ గోడకానుకుని నోరు తెరుచుకుని వింటాడు. “ఆ గుంట సెయ్యి పడితే సాలు, సచ్చిన గిటారైనా పలుకుతాది” అన్నాడొకసారి అన్నం తింటూ. ఆ చచ్చిన గిటారుకి ప్రాణం పోసిన చెయ్యి అప్పుడే అతనికి రెండోసారి కూర వడ్డిస్తోంది. పక్కింటి యర్రమ్మ కూడా అగ్గి రాజేసింది. “నీ మొగుణ్ణి కాస్త సూసుకోయే” అని. కనక నిజంగానే చూసుకుంది. రెండు ఆదివారాలు వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడి చూపులకి కాపలా కాసింది. తీరా తేలిందేమిటంటే, తన కళ్ళే మొగుడి మీద నిలవడం లేదు. టీచరు ఒడి దగ్గరికి పోతున్నాయి. ఆ ఒళ్ళో గిటారు తప్ప ఇంకేం లేదు. గంటసేపు ఆమెని ఎవరూ మంచినీళ్ళడగలేదు, తువ్వాలెక్కడుందని అడగలేదు. కనక ఒడి పెళ్ళైన పద్నాలుగేళ్ళలో ఒక్క పూట ఖాళీగా లేదు. పిల్లలు, చేట, కాఫీ పళ్ళ బుట్ట, కీళ్ళ నొప్పులొచ్చినప్పుడు అత్త కాళ్ళు, ఆఖరికి మొగుడు తెచ్చి పడేసే విరిగిన గిటార్లు కూడా అందులోనే. అంత మంట మొగుడి కోసం కాదని తెలిశాక కనకకి సిగ్గేసింది. ఆ తర్వాత మంట ఇంకా పెరిగింది.

వెతకడంలో ఫల్గుణ మొనగాడు. ఆ మాట కనక ఎక్కడైనా ఒప్పుకుంటుంది. విడిపోయిన పెళ్ళి ఆర్కెస్ట్రాలు, మూతపడ్డ సంగీతం క్లాసులు, కొత్తవి కొన్నాక చర్చి వెనక గదిలో పడేసిన పాతవి, ఎస్.కోటలో తుక్కు కొట్లు, ఎక్కడ ఏ ఎలక్ట్రిక్ గిటారు మూలుగుతోందో అతనికి ఇట్టే తెలిసిపోతుంది. ఇనుము ధరకి కొనుక్కొస్తాడు. బాగుచెయ్యడమే చేతకాదు. మొదట తెచ్చినదాని మెడ వానలకి ఉబ్బి వంకర పోయి ఉంటే, ఫోన్లో ఏదో వీడియో చూసి డాబా మీద ఎండకి పెట్టాడు. మూడోనాటికి నిలువునా పగిలింది. ఈ కొండల మీద జూన్‌లో చెమ్మ పట్టిన చెక్కకి కావలసింది ఎండ కాదని, విత్తనం దాచుకునే ఏ ఆడదాన్నడిగినా చెప్తుంది. అతను అడగలేదు. రెండోదాన్ని కనకే మరలు విప్పి, వెదురుబద్దలు కట్టి, విత్తనం కంకుల పక్కన పొగకి వేలాడదీసింది. నలభై రోజులకి మెడ వంపు తీరి తిన్నగా వచ్చింది. తీగల కింద ధ్వనిని పట్టే పికప్‌లో వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ తెగిపోయి ఉంటే, కుట్టుమిషను బాబిన్ చుట్టే చక్రానికి తగిలించి వేల చుట్లు చుట్టింది. పాడేరు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివిన సర్టిఫికెట్టు అత్త ట్రంకుపెట్టె అడుగున ఉన్నా, చేతులు మాత్రం చదువు మరిచిపోలేదు.

అప్పటినుంచీ అదే పద్ధతి. బాగుచెయ్యడం వంటింట్లో, అప్పగించడం ముందు గదిలో. గుమ్మానికి ‘ఫల్గుణ గిటార్ వర్క్స్’ అని బోర్డు కూడా పడింది. “ఆడి పేరు బోర్డు మీదుంటే నీకేటి తక్కువయింది? ఇద్దరూ ఒకటి కాదేటి?” అంది అత్త. ఇద్దరూ ఒకటే అయినప్పుడు ఆ ఒకటి ఎప్పుడూ ఫల్గుణే ఎందుకవుతాడో కనకకి అర్థం కాలేదు. గిటార్లకి పొగ వాసనెందుకొస్తోందని ఒకసారి సౌందర్య అడిగితే, “అది మా స్పెషల్ పాలిషండి” అన్నాడు ఫల్గుణ, కళ్ళార్పకుండా. కనక ఉల్లిపాయలు తరుగుతూ విన్నది.

నీలం గిటారు కథ వేరు. అది వచ్చినప్పుడు ఫల్గుణే పెదవి విరిచాడు. “ఇదింక లేవదు, సామాన్లు పీకేసి వాడుకో” అన్నాడు. అతను వదిలేసింది కాబట్టే కనక దాన్ని పట్టుకుంది. మూడు చోట్ల అంటించింది, తీగ చుట్టింది, గీతలు పోయేదాకా నున్నగా రుద్దింది. అత్త గుడికి వెళ్ళిన పూట స్పీకరు పెట్టెకి తగిలించి ఒక్క తీగ మీటితే, ఒళ్ళు ఝల్లుమంది. పిల్లల ఫోన్ చూసి, తీగలు కలిపి పట్టి మీటే కార్డ్‌లు మూడు నేర్చుకుంది. మూడే, అవీ తడబడుతూ. ఇది నేనుంచుకుంటానని మొగుడితో అంటే అతను ముద్దుగానే నవ్వాడు. “నీకేటి గిటారే? నీది బాగుసేసే సెయ్యి. వాయించే సెయ్యి యేరు.” ఆ వారమే దాన్ని సౌందర్యకి ఇస్తానని మాటిచ్చేశాడు. రిసార్టులో టూరిస్టుల ముందు శనివారాలు వాయించడానికి ఆమెకి కావాలట.

“ఏటి సేత్తన్నావే? నిద్రోయావా?” ఫల్గుణ మళ్ళీ కేకేశాడు.

కనక గిటారు దించింది. పొయ్యి ముందు కూచుని వెనక మూత విప్పింది. మోత రాకుండా ఆపే ఎర్తు వైరుకి, వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్‌తో వేడి తగిలించి ఊడదీసి, కనపడకుండా కిందికి నెట్టి, మూత బిగించేసింది. రెండు నిమిషాల పని. తప్పు చేస్తున్నానన్న ఊహ వచ్చింది గానీ చెయ్యి ఆగలేదు.

ముందు గదిలో సౌందర్య గిటారు స్పీకరుకి తగిలించగానే తేనెతుట్టె కదిలినట్టు ఝుమ్మని మోత. వాయిస్తుంటే పాట వెనక అదే మోత. ఫల్గుణ స్విచ్చులు మార్చాడు, వైరు మార్చాడు, చివరికి వెనక మూత విప్పి లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. సౌందర్య గిటారు వైపు చూడడం మానేసి అతని ముఖం వైపు చూడసాగింది.

“కనకా, ఓసారి ఇట్రా” అన్నాడు. మళ్ళీ గొంతు తగ్గించి, “లోపలికి అట్టుకెళ్ళి సూడు” అని కళ్ళతో వంటింటివైపు సైగ చేశాడు.

కనక వంటింట్లోకి వెళ్ళింది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని తిరిగొచ్చి, ముందు గదిలోనే నేల మీద కూచుంది. గిటారు ఒళ్ళోకి తీసుకుంది. ఫల్గుణ దగ్గాడు. లోపల మంచం మీంచి అత్త ఎవరొచ్చారని అడిగింది. కనక వైరు చివర బయటికి లాగి, ఉన్నచోట అతికించి, ఊది, మూత పెట్టింది. మోత ఆగిపోయింది.

“మీరా అక్కా?” అంది సౌందర్య. “ఇన్నాళ్ళూ ఇవన్నీ మీరేనా?”

“ఆ, సాయం సేత్తాదండి” అన్నాడు ఫల్గుణ.

సౌందర్య అతని మాట విననట్టే వచ్చి కనక ఎదుట కూచుని, గిటారు కోసం రెండు చేతులూ చాపింది. ఆమె వేళ్ళ కొనలు కాయలు కాసి ఉన్నాయి. ఉత్తినే రాలేదన్నమాట ఆ పాట ఆమెకి. కనక కుళ్ళులో ఒక పాయ అక్కడ తెగింది. అయినా గిటారు మాత్రం ఇవ్వలేదు.

“వైరు దానంతటది ఊడలేదు టీచరమ్మా” అంది కనక. “నానే ఊడదీసేను. ఇందాక, దించినప్పుడు.”

“ఎందుకక్కా?”

“కుళ్ళుతో. మీరు దీన్ని ఒళ్ళో ఎట్టుకుంటే సూడలేకపోయేను.” కనక తలెత్తింది. “ఇది నాదండి.”

నోట్లోంచి వచ్చాకే ఆ మాట ఎంత కొత్తదో కనకకి తెలిసింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇల్లు అత్తవారిది, కాఫీ తోట మామ పేరు మీదది, పిల్లలు ఆ ఇంటి పిల్లలు, పని ఫల్గుణ పని. ఈ కప్పు కింద ఏ వస్తువునీ ఆమె నాది అనలేదు. అనకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. అనే అవసరమే రాకుండా ఇల్లంతా అమర్చి ఉంచారు.

సౌందర్య చేతులు వెనక్కి తీసుకుంది. తప్పు పట్టినట్టు కాదు, ఎదుటివాళ్ళ కంచంలో చెయ్యి పెట్టబోయి ఆగినట్టు.

“మరి నానేటవ్వాలే?” అన్నాడు ఫల్గుణ. “శనివారానికి గిటారిత్తానని టీచరమ్మకి మాటిచ్చేసేను కదా.”

“ఇచ్చేవు కదా” అంది కనక. వేడి తగ్గని సోల్డరింగ్ ఐరన్ పిడి అతని వైపు తిప్పి చేతిలో పెట్టింది. “ఇంకోటి నువ్వే బాగుసేసి ఇయ్యి.”