అడుగున జారుముడి

పెళ్లయి నెల తిరక్కముందే కొత్త కోడలు రేవునంతా ఒక తాటిమీదికి తెచ్చింది. చేపలతోపాటు వలలో పడే సీసాలు, కవర్లు, తెగిన నైలాను తాళ్లు ఇకమీదట ఎవరూ తిరిగి సముద్రంలో పారెయ్యకూడదు, ఒడ్డుకు తేవాలి. అందుకోసం పాత వలలతో పడవకొకటి చొప్పున పన్నెండు సంచులు తనే కుట్టింది. రేవు ఆఫీసరు మాత్రం మెలిక పెట్టాడు. మొదటిరోజు పన్నెండు పడవలూ నిండు సంచులతో వస్తేనే చెత్త పోసుకోవడానికి ఖాళీ షెడ్డు ఇస్తాడట. ఒక్కటి తగ్గినా అది ఐసు ఫ్యాక్టరీ వాళ్లకే.

ఆ మధ్యాహ్నం ఆమెకి కాలు ఒకచోట నిలవలేదు.

"పెళ్లిచూపుల్లో కూడా ఇంత హడావిడి పడలేదమ్మా నువ్వు," అంది అత్తగారు, ఒళ్లో వల బాగుచేసుకుంటూ.

"అప్పుడు చూడాల్సింది మీ అబ్బాయినొక్కణ్ణే కదా అత్తయ్యా. ఇప్పుడు పన్నెండు పడవలు."

మొదటి పడవ రానే వచ్చింది. క్రేను సంచిని గట్టుమీదికి ఎత్తింది. అది ఊగుతోందని ఎవరో అడుగున వేలాడే తాడు పట్టుకున్నారు. అంతే, సీసాలన్నీ జలజలా రాలి ఆఫీసరు బూట్లు కప్పేశాయి.

అత్తగారు తాడు చేతిలోకి తీసుకుంది. "ఇది వల తోకకి వేసే ముడి కదే."

చేపలు ఒక్క లాగుడుకి డెక్కుమీద పడాలని వేసే జారుముడి. చిన్నప్పటినుంచీ వేళ్లకి అలవాటైన ముడి. సంచులు కుడుతున్నప్పుడు వేళ్లు వాటంతటవే వేసేశాయి, పన్నెండింటికీ.

నవ్వబోయిన కోడలు ఆగిపోయింది. గట్టుమీద పడినవి ఏరుకోవచ్చు. మిగతా పడవల్లో డెక్కుమీద చోటు చాలక, సంచుల్ని వెనకవైపు నీళ్లమీదే వేలాడదీశారు. తాడు ఎవరు లాగినా చెత్తంతా మళ్లీ సముద్రం పాలు.

చెప్పులు వదిలేసి వైర్‌లెస్ గదిలోకి పరుగెత్తి మైకు అందుకుంది. మొగుణ్ణి పేరుపెట్టి పిలవడం ఇంకా నోటికి రాలేదు.

"ఏవండీ."

"ఆఁ, చెప్పు," అన్నాయి నాలుగు పడవలు ఒకేసారి.

వెనకే రొప్పుతూ వచ్చిన అత్తగారు, "ఎవరి మొగుణ్ణో చెప్పవే," అంది.

"అందరూ వినండి. సంచి అడుగు తాడు ముట్టుకోకండి. జారుముడి వేశాను. తప్పు నాదే."

బరబర చప్పుడులోంచి మొగుడి గొంతు, ఆయాసంగా. "ఇప్పుడే పట్టుకున్నా దాన్ని."

"లాగారా?"

"లేదు. నీ గొంతు వినబడితే వదిలేసి పరిగెత్తుకొచ్చా."

"మేం పిలిస్తే మాత్రం రాడు తల్లీ వీడు," అన్నాడు అతని పడవ నడిపే సరంగు.

అత్తాకోడళ్లు గట్టుమీద ఆఖరి సీసా ఏరేసరికి పడవలు వరసకట్టాయి. ప్రతి పడవలోనూ ఎవరో ఒకరు చంటిబిడ్డనెత్తుకున్నట్టు సంచిని కిందనుంచి కావలించుకుని ఉన్నారు. అందరికన్నా వెనక ఆమె మొగుడు, చెవిమీద నాచు, మొహమంతా నవ్వు.

"పన్నెండు," అన్నాడు ఆఫీసరు, తాళంచెవి ఆమె చేతిలో పెడుతూ.

"ముళ్లన్నీ మార్చేస్తానండీ."

"మార్చకండి." షెడ్డు దూలానికి ఎత్తిన సంచి కిందనుంచి ఈసారి దూరంగా జరిగి, తాడు తనే లాగాడు. క్షణంలో సంచి ఖాళీ. "రెండోది కూడా నేనే లాగుతా," అన్నాడు.

మొగుడు పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "ఇంతకీ మైకులో పిలిచింది నన్నేనా?"

"పలికింది నలుగురు," అందామె, అతని చెవిమీద నాచు తీస్తూ. "పరిగెత్తుకొచ్చింది మీరొక్కరే."