నేను చెప్పిన సినిమా

నేను హిందీ విశారద పరీక్ష పాసయ్యాను. విజయనగరంలో, పెళ్ళికి ముందు, ఫస్టు క్లాసులో. ఈ ముక్క మొదటే చెప్పేస్తున్నాను. చివరికొచ్చాక దాని గురించి గొప్పలు పోవడానికి నాకు మొహం ఉండదు.

మా ఆయన గురునాథరావు భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలుపట్టాల మిల్లులో పనిచేసేవారు. అరవై మూడులో నేను కాపరానికి వచ్చేసరికి సెక్టర్ 4లో మా వీధిలో పది ఇళ్ళు తెలుగువాళ్ళవి. ఒక్క ఆడమనిషికి హిందీ వస్తే ఒట్టు. రేషన్ షాపులో, ఆస్పత్రిలో, పిల్లల బడిలో అందరికీ నేనే నోరు. నా హిందీ విని కూరలమ్మే మనిషి కిసుక్కున నవ్వేది, పుస్తకం చదువుతున్నట్టుందని. నవ్వితే నవ్వనీ. దాని హిందీలో ఏది ఆడో ఏది మగో దానికే తెలియదు.

మైదానంలో తెర కట్టి సినిమా వేసినప్పుడల్లా మా వీధి ఆడవాళ్ళంతా నా చుట్టూ చాపలు పరుచుకునేవారు. తెర మీదవాళ్ళు ఒక మాట అంటే నేను దానికి ఇంకోటి జోడించి చెప్పేదాన్ని. తల్లి పాత్ర ఏడుపు చాలలేదనిపిస్తే నా తెలుగులో ఇంకాస్త ఏడిపించేదాన్ని. ఎవరు వచ్చి సరిచూస్తారు గనక.

మా పక్క క్వార్టరు గున్నమ్మ పిన్నిది. శ్రీకాకుళం వైపు మనిషి. వాళ్ళాయన కోక్ ఓవెన్లలో పని. షిఫ్టు దిగి వస్తే కనురెప్పల మీద కూడా బొగ్గుపొడి ఉండేది. వాళ్ళకి ఒక్కడే కొడుకు, చిట్టిబాబు. నా కళ్ళ ముందే పెద్దవాడయ్యాడు. ఇక్కడి పిల్లలందరిలాగే వాడికి తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. "దీదీ, మీరు హిందీ మాట్లాడితే రేడియోలో వార్తలు వస్తున్నట్టుంటాది" అని ఏడిపించేవాడు. వేలెడంత లేవు, నన్ను దిద్దుతావా అని చెవి మెలిపెట్టేదాన్ని.

పంతొమ్మిదో ఏట ఇంట్లో చెప్పకుండా జబల్‌పూర్ వెళ్ళి పట్టాళంలో చేరిపోయాడు. ఏడాదిన్నర తిరక్కుండానే డెబ్బై ఒకటి డిసెంబరు యుద్ధం. మేం కిటికీలకి నల్లకాగితాలు అంటించుకుని రేడియో ముందు కూర్చునేవాళ్ళం. యుద్ధం అయిపోయింది, గెలిచాం అని వీధిలో మిఠాయిలు పంచిన మూడోరోజున గున్నమ్మ పిన్ని ఇంటికి టెలిగ్రాం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పింది నేనే.

నెల తర్వాత ఎవరో అధికారి ఉత్తరం రాశాడు. అదీ నేనే చదివాను. పడమటి సరిహద్దులో శత్రువుతో వీరోచితంగా పోరాడుతూ ప్రాణాలర్పించాడని రెండు వాక్యాలు, కింద సంతకం. అంతే. పిన్ని ఏడవలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

"ఆఖర్న ఆడి నోట్లో ఎవులైనా గుక్కెడు నీళ్ళు పోసినారేటి? అది రాసినారా?" అంది.

రాయలేదన్నాను.

మా వైపు ప్రాణం పోయేవాళ్ళ నోట్లో తులసినీళ్ళు పోస్తాం కదా. ఆమె ముసలి అత్తకి పోసింది, పురిట్లో పోయిన చెల్లెలికి పోసింది. కన్నకొడుక్కి ఎవరు పోశారో తెలియదు. ఆ రోజు నుంచి ఆమె ఏ గ్లాసు నీళ్ళూ పూర్తిగా తాగలేదు. అడుగున ఒక గుక్క మిగిల్చి, పెరట్లో తులసి మొదట్లో పోసి వచ్చేది. ఎండాకాలం నాలుక పిడచకట్టుకుపోతున్నా అంతే. మూడేళ్ళు అలాగే గడిచాయి. ఆపమని చెప్పడానికి నోరు రాలేదు.

డెబ్బై అయిదు జనవరి ఇరవై ఆరు సాయంత్రం మైదానంలో యుద్ధం సినిమా వేశారు. పిన్ని రాదనుకున్నాను. దుప్పటి కప్పుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది. తెర మీద ముందుగా తెల్లటి అక్షరాలు పడ్డాయి. నిజంగా జరిగిన సంఘటనల ఆధారంగా తీశామనీ, సైనికాధికారులకు కృతజ్ఞతలనీ. నేను అందరికీ వినబడేలా చదివి తెలుగులో చెప్పాను.

మా ఆయనకి సినిమా చూడ్డం రాదు. టాంకు వచ్చిందంటే "అది టాంకు కాదే, లారీకి రేకు కొట్టారు. ఆ అతుకులు చూడు" అంటారు. ఇనప మనిషి, ఇనుము తప్ప ఇంకేం కనపడదు. "మీరు నోరు మూసుకుంటారా" అని కసిరాను. ఆ పట్టాళం వాళ్ళంతా ఇస్త్రీ బట్టల్లో ఉన్నారన్నది నేనూ చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆఖర్లో ఒక కుర్రాడికి గుండు తగిలింది. పట్టుమని ఇరవై ఏళ్ళుండవు. తోటివాడు పరుగున వచ్చి, వాడి తల ఒళ్ళో పెట్టుకుని, నడుముకున్న సీసా మూత తీసి నోట్లో నీళ్ళు పోశాడు. పిన్ని నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి గాజు చిట్లింది.

"ఏటంతన్నాడు?" అంది.

ఆ కుర్రాడు నిజానికి జెండా గురించి ఏదో అంటున్నాడు. నాలుగు నిమిషాలు అన్నాడు. నేను అదేమీ చెప్పలేదు. "అమ్మకి చెప్పు అన్నయ్యా, నా దాహం తీరిపోయిందని చెప్పు, అంటున్నాడు పిన్నీ" అన్నాను.

ఇంటికి నడుస్తుంటే ఆమె మళ్ళీ అడిగింది. "నిజింగా అక్కడ అలాగే ఉంటాదా, ప్రసూనమ్మా?"

"అలాగే ఉంటుంది. మొదట్లో చదివాను కదా. మిలటరీవాళ్ళని అడిగి మరీ తీస్తారు. ఒకడు పడితే పక్కవాడు ముందు నీళ్ళే పోస్తాడు. అది వాళ్ళ రూలు."

రూలట. ఎక్కడిదో ఆ మాట నా నోటికొచ్చింది, అనేశాను.

మర్నాడు పెరటి గోడ మీంచి చూశాను. పిన్ని గ్లాసెడు నీళ్ళు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు బోర్లించింది. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నా విశారద చదువు ఇన్నాళ్ళకి ఒక మనిషికి పనికొచ్చిందనుకున్నాను. అబద్ధం చెప్పానన్న బాధ ఆవగింజంత కూడా లేదు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఎనభై నాలుగు మే నెల, మిట్టమధ్యాహ్నం. కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టుకుని నడుం వాల్చాను. పిన్ని తలుపు కొట్టింది. మొహం పాలిపోయి ఉంది.

"చిట్టిబాబుతో పట్టాళంలో ఉండీ అబ్బాయంట. ఉతై దగ్గిర ఊరంట. ఏటో సెప్పాలంట. ఒక్కసారి ఇంటికి రామ్మా."

దాచుకోవడం దేనికి, నాకు కాస్త గర్వంగానే అనిపించింది. ఇరవై ఏళ్ళయినా నేను లేకపోతే ఈవిడకి గడవదు కదా అని. కొంగు సర్దుకుని వెళ్ళాను.

అతని పేరు బిసాహు రామ్. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, మీసం అప్పుడే నెరుస్తోంది. పట్టాళంలో సర్వీసు ముగించుకుని ఆ మధ్యే ఊరికి వచ్చేశాడు. అంతదూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోకుండా గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఇక్కడివాళ్ళు తల్లిని దాయీ అంటారు. పిన్నిని అలాగే పిలిచాడు. పిన్ని ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది. మధ్యలో నేను.

అతను నెమ్మదిగా చెప్పాడు. ఒక ముక్క అతను, ఒక ముక్క నేను. చిట్టిబాబూ తనూ జబల్‌పూర్లో ఒకేరోజు చేరారని, పక్కపక్క మంచాలని చెప్పాడు. చెప్పాను. వాడు అమ్మ పంపిన ఆవకాయ జాడీ ట్రంకులో దాచి అందరికీ గోరంతే పెట్టేవాడన్నాడు. చెప్పాను. పిన్ని నవ్వింది కూడా.

తర్వాత అతను నా వైపు చూడ్డం మానేసి నేల చూస్తూ మాట్లాడాడు. పొద్దున్న పదింటికి చెరుకుతోటలో ఉండగా చిట్టిబాబుకి కడుపులో తగిలిందట. స్ట్రెచరు పట్టుకుని రావలసినవాళ్ళు కాల్పుల్లో ముందుకి రాలేకపోయారు. చీకటి పడేదాకా ఇద్దరూ ఆ తోటలోనే. వాడు నీళ్ళడిగాడు. కడుపులో దెబ్బ తగిలినవాడికి నీళ్ళివ్వకూడదు, ఇస్తే చచ్చిపోతాడు అని ట్రైనింగులో ఉస్తాదు వందసార్లు చెప్పాడట. బతికించుకోవాలని ఇవ్వలేదు. సీసా నిండుగా నడుముకే ఉంది. మధ్యాహ్నానికి వాడు, నీళ్ళొద్దంటే పోనీ ఒక చెరుకు ముక్క విరిచి నోట్లో పెట్టు భయ్యా, నమిలి ఉమ్మేస్తాను అన్నాడట. చుట్టూ నిలువెత్తు చెరుకు. అదీ ఇవ్వలేదు. పొద్దుగూకాక స్ట్రెచరు వచ్చింది. అప్పటికి వాడు అడగడం మానేసి చాలాసేపయింది.

"సినిమాల్లో అందరూ ఇస్తారు" అన్నాడు చివర్న. "ఎవడు పడినా పక్కవాడు సీసా తీసి పోసేస్తాడు. హాల్లో కూర్చోలేను. లేచి బయటికొచ్చేస్తాను."

పిన్ని నా మొహంకేసి చూస్తోంది. ఏం చెప్పను? తొమ్మిదేళ్ళుగా ఈ మనిషి నా మాట నమ్మి నిండుగా నీళ్ళు తాగుతోంది. భగవంతుడా అనుకుని నోరు తెరిచాను.

"గుండు తగిలిందట పిన్నీ. ఈ అబ్బాయి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడట. సీసా తీసి నీళ్ళు పోశాడట. అమ్మకి చెప్పు, దాహం తీరిందని చెప్పు అన్నాడట. అంతే, కళ్ళు మూశాడట."

అక్షరం పొల్లుపోకుండా ఆ సినిమాయే అప్పజెప్పాను.

పిన్ని తలూపింది. తర్వాత నన్ను దాటి ముందుకి వంగి, నేనెప్పుడూ ఆమె నోట వినని హిందీలో, కూరలమ్మే మనిషి మాట్లాడే హిందీలో, అతన్ని అడిగింది.

"బేటా, గన్నా భీ నహీ దియే?"

చెరుకు కూడా ఇవ్వలేదా, బాబూ అని. చెరుకు మాట నేనసలు ఎత్తనేలేదు.

అతను తల అడ్డంగా ఊపి, మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. మిలటరీ మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పిన్ని లేచింది. కుండలోంచి గ్లాసెడు నీళ్ళు ముంచి తెచ్చి అతని ముందు కూర్చుంది. అతను వద్దన్నాడు. ఈ ఇంట్లో నీళ్ళు తాగే అర్హత నాకు లేదు దాయీ అన్నాడు. పిన్ని అతని గడ్డం పట్టి మొహం ఎత్తింది. హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేసింది. "పీయో బేటా. ఆడు బతకాలనే కదా నువ్వు ఇవ్వనేదు. నీ తప్పేటుంది. తాగు." అతనికి తెలుగు రాదు. అయినా తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పిన్ని తన చేత్తోనే పట్టుకుంది.

ఎండ తగ్గాక అతను వెళ్ళిపోయాడు. సైకిలు మలుపు తిరిగేదాకా ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

"నీకు హిందీ ఎప్పట్నించి వచ్చు పిన్నీ?" అన్నాను.

"ఇన్నేళ్ళ నుంచి ఇక్కడే పడున్నాం. రాకేటవుతాది."

"మరి నన్నెందుకు పిలిచావు?"

"బాస రాక కాదమ్మా. ఆడి మాట నానొక్కర్తినీ ఇన్నేక."

ఏడుపొచ్చేసింది నాకు. క్షమించమని చేతులు పట్టుకున్నాను. సినిమాలో జెండా మాట మింగేసి అమ్మ మాట చెప్పానని, రూలూ గీలూ ఏమీ తెలియకుండానే నోటికొచ్చింది వాగానని, అన్నీ ఒప్పేసుకున్నాను. ఆమె నా చేతులు విడిపించుకోలేదు. కోపమూ పడలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

తర్వాత ఒకటి అడిగింది.

"ప్రసూనమ్మా. ఆ సినిమాలో కుర్రాడికి నీళ్ళు పోసినారన్నావు. అది నిజమేనా, అదీ నువ్వే కల్పించినావా?"

"నిజం పిన్నీ. నా పిల్లల మీద ఒట్టు. అది మాత్రం కల్పించలేదు. నువ్వూ చూశావు కదా, పోశాడు. సీసా మూత తీసి పోశాడు."

"నాకప్పుడు కళ్ళనిండా నీళ్ళు. సరిగ్గా అగుపడనేదు" అంది.

వాకిట్లో ఖాళీ గ్లాసు తీసి కొంగుతో తుడిచింది.

"పోన్లే. ఆడికైనా పోసినారు."