పొడుగావిడ కనిపించని సన్నివేశం

మా దర్శకురాలికి బల్లిని చూసినా గుండె జారుతుంది. అలాంటి మనిషి చేతిలో దెయ్యాల సినిమా పెట్టారని తెలిసిన రోజు స్టూడియోలో ఎవరికీ నవ్వాగలేదు.

అది మామూలు దెయ్యాల కథ కూడా కాదు. మూడు భాగాలుగా వచ్చి, ఆడినవాళ్లందరికీ నిద్ర లేకుండా చేసిన వీడియో గేమ్. మూతపడిన ఆసుపత్రిలో చెల్లెల్ని వెతుక్కుంటూ తిరిగే ఒక అక్క, ఆ అక్క వెనకే తలుపుల్లోంచి వంగి వచ్చే ఒక ఆకారం. ఆడేవాళ్లు దానికి పొడుగావిడ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఆటను యానిమేషన్ సినిమాగా తీయడం మా పని. పొడుగావిడను కదిలించడం ప్రత్యేకంగా నా పని. దెయ్యాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి కనుక అక్కడ నన్ను భూతవైద్యుడంటారు.

మొదట అనుకున్న దర్శకుడు ఇంకో సినిమాకు వెళ్లిపోతే, ఎన్నో ఏళ్లుగా స్టోరీబోర్డులు, అంటే సన్నివేశాలకు ముందస్తు బొమ్మలు, గీస్తున్న ఆమెకు ఆ కుర్చీ దక్కింది. ఆమె చేసిన మొదటి పని, ఆ మూడు ఆటలూ తానే ఆడటం. పట్టపగలు, కిటికీ తెరలన్నీ తీయించి, ఒళ్లో దిండు పెట్టుకుని ఆడేది. పొడుగావిడ అలికిడి వినబడగానే దిండు మొహానికి అడ్డం వచ్చేది. మేం టీ కప్పులు పట్టుకుని వెనక నిలబడి వేడుక చూసేవాళ్లం. అయినా మధ్యలో మానలేదు. మూడూ చివరికంటా ఆడింది.

ఆ ఆటల్లో అందరికీ గుర్తుండిపోయేది ఒక పొడవాటి నడవా. అటు చివర మూసిన తలుపు. దాని వెనక నుంచి చెల్లెలి గొంతు వినబడుతుంది. అక్క సగం దూరం నడిచేసరికి పొడుగావిడ వెనక నుంచి వస్తుంది. ఆ సన్నివేశం మీద నేను నెలల తరబడి కూర్చున్నాను. మెడ తిరిగే తీరు, వేళ్లు గోడను తడిమే తీరు ప్రాణం పెట్టి చేశాను. పూర్తయ్యాక అందరికీ చూపించాం. బాగుందన్నారు. దర్శకురాలు మాత్రం మళ్లీ వేయమంది. రెండోసారి కూడా చూసి, నా వైపు తిరిగింది.

“పని చాలా బాగుంది. కానీ నాకు భయం వేయలేదు.”

బల్లికి భయపడే మనిషి నోట ఆ మాట వినేసరికి నా మొహం మాడిపోయింది. నిర్మాత చెడ్డవాడు కాదు గానీ తొందర మనిషి. అక్కడ ఒక పెద్ద శబ్దం పెట్టి, పొడుగావిడను ప్రేక్షకుల మీదికి దూకించమన్నాడు. ఉలికిపాటు వేరు, భయం వేరు అని ఆమె మెల్లగా చెప్పి, కొంచెం గడువు అడిగింది.

ఆ ఆదివారం నన్ను వాళ్లింటికి రమ్మంది. వాళ్ల అత్తగారు రిటైరైన లెక్కల టీచరు. పేరు చెబితే ఇప్పటికీ పాత విద్యార్థులు నిటారుగా నిలబడతారట. ఒకసారి వీధికుక్క మీదికొస్తే ఆవిడ దాన్నే మందలించి పంపిందని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. దర్శకురాలు ఆవిడ చేతికి ఆట రిమోట్ ఇచ్చి, ఒక్కసారి ఆడి చూడమని బతిమాలింది. నన్ను టీవీకి కాకుండా ఆవిడకు ఎదురుగా కూర్చోబెట్టింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ఏ మీట దేనికో ప్రశ్నపత్రం చదివినంత శ్రద్ధగా అడిగి తెలుసుకుని మొదలుపెట్టింది. ఇంత దుమ్ము పెట్టుకుని ఇదేం ఆసుపత్రి అని విసుక్కుంటూ చకచకా గదులు దాటింది. నడవా దగ్గర ఆగింది. అక్కను వెనక్కి తిప్పి, దాటివచ్చిన గది తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకుంది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది.

“భయంగా ఉందా, అత్తయ్యా?”

“నాకెందుకే భయం? ఈ పిల్లకేమన్నా అయితేనో? నేను నడిపిస్తేనే కదా అది నడిచేది.”

అని రిమోట్ పక్కన పెట్టేసింది. ఎంత అడిగినా ఇక ముట్టుకోలేదు.

నన్ను సాగనంపడానికి దర్శకురాలు మెట్ల దాకా వచ్చింది. ఆటలో ఆ పిల్ల భారం మన చేతిలో ఉంటుందని, సినిమాలో మనం ఊరికే చూస్తూ కూర్చుంటామని అంది. పొడుగావిడ మీద పడ్డ కష్టంలో సగం కూడా మనం ఆ పిల్ల మీద పడలేదని అంది. తర్వాత నా కళ్లలోకి చూసి చెప్పింది.

“నీ సీను తీసేస్తున్నా. ముందు నీకే చెప్పాలనిపించింది.”

నాకు కడుపు మండిపోయింది. కొన్నాళ్లు ఆమెతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఆమె ఏమీ అనుకోలేదు. ఒకరోజు వచ్చి, కొత్త సన్నివేశంలో పొడుగావిడ కనిపించదని, ఎదురు నుంచి అక్క నడక ఒక్కటే ఉంటుందని, అది నువ్వే చేయాలని అడిగింది. నాకు దెయ్యాల నడక తప్ప భయపడేవాళ్ల నడక తెలియదన్నాను.

“నన్ను చూసి వెయ్యి. ఈ ఆఫీసులో నాకంటే పిరికిది ఎవరున్నారు?”

మా స్టూడియో నడవాలో ఒక్కటి తప్ప దీపాలన్నీ ఆర్పించి, అందరి ఎదుటా నడిచింది. నటన కాదు, నిజంగానే భయపడింది. మడమ నేలకు ఆనేది కాదు. చెయ్యి గోడ వెంబడే వచ్చి, తలుపు ఉన్నచోట మాత్రం గాల్లోకి లేచేది. తల తిరగకముందే చెవి అటు తిరిగినట్టుండేది. ఇంకోసారి అంటే ఇంకోసారి నడిచింది. చూస్తున్నవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. ఇన్నేళ్లూ మేం ఎగతాళి చేసినదాన్నే ఆమె తీసి మా ముందు పెట్టింది. ఆ అడుగులు గీస్తుంటే నా కోపం ఎప్పుడు కరిగిందో నాకే తెలియలేదు.

సినిమా పూర్తయ్యాక, మూడు ఆటలూ ఆడినవాళ్లను పిలిచి ఒక ఉదయం సినిమా వేసి చూపించాం. ఏం పాడు చేశారో చూద్దామన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆట తయారుచేసినాయన వెనక వరసలో ఉన్నాడు. ఆయన ఒప్పుకోకపోతే సినిమా బయటికి రాదు. నడవా సన్నివేశం వస్తుండగానే దర్శకురాలు లేచి బయటికి వెళ్లిపోయింది.

నేను తెర వైపు చూడలేదు. నా ముందు వరసలో ఒకతను కట్టుకున్న చేతులు విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఖాళీ చేతుల్లో రిమోట్ ఉన్నట్టు బొటనవేళ్లు తనవైపు లాగుతున్నాయి, ఆ పిల్లను వెనక్కి తెచ్చేయాలన్నట్టు. పక్కనున్న అమ్మాయివీ అంతే.

బయటికి వెళ్లి ఆమెకు ఆ సంగతి చెప్పాను. నమ్మలేనట్టు చూసి మెట్టు మీద కూలబడింది. సినిమా ముగిశాక ఆట తయారుచేసినాయన వెతుక్కుంటూ వచ్చాడు. అక్క నడక ఎవరు చేశారని అడిగాడు. ఆమె నన్ను చూపించింది, నేను ఆమెను చూపించాను.

“మూడు ఆటల్లోనూ ఆ పిల్లని వెనక నుంచే చూశానండి. మొహం చూడటం ఇదే మొదటిసారి.”

సినిమా ఆడింది. ఇప్పుడు రెండో భాగం పని నడుస్తోంది. పొడుగావిడను కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించి, అక్క పాత్రను నేను అడిగి మరీ తీసుకున్నాను.