పచ్చ అంటే ఏ రంగు

హైటెక్ సిటీలో ఆ గుండ్రటి అద్దాల మేడ తెరిచిన ఏడాదే, మాదాపూర్‌లో కనకలక్ష్మిగారు ప్లేస్కూలు తెరిచారు. మూడేళ్ల పిల్లలకి ఇంటర్వ్యూ పెట్టే స్కూలు అది. ముక్కు తుడుచుకోవడం రాని వాళ్లకి ఇంటర్వ్యూ ఏమిటని టీచరు కృష్ణప్రియకి మొదటి రోజు నుంచీ ఒళ్లు మంటే.

ఆ శనివారం మేడల వెనక మిగిలిన పాత ఊళ్లోంచి చంద్రమ్మ తన కూతురు నాగేశ్వరిని తీసుకొచ్చింది. కనకలక్ష్మిగారు బల్ల మీద ప్లాస్టిక్ దిమ్మలు పరిచి, "గ్రీన్ ఏది?" అని అడిగారు. పిల్ల నోరు విప్పలేదు. "పోనీ, పచ్చ రంగు ఏది?" అన్నారు, తెలుగులో అడగడమే పెద్ద దయ అన్నట్టు. నాగేశ్వరి తడుముకోకుండా పసుపు దిమ్మ మీద వేలు పెట్టింది.

"రంగులు రావు. వచ్చే ఏడు చూద్దాం," అన్నారావిడ.

చంద్రమ్మ మొహం చిన్నబోయింది. "ఇంట్ల అన్ని మంచిగ చెప్తది మేడం. గీడికొచ్చి గిట్లెందుకు చేసిందో," అని, వెళ్తూ వెళ్తూ పిల్ల వీపు మీద ఒకటి వేసింది. అది చూసి కృష్ణప్రియ ఆగలేకపోయింది. గేటు దాకా వెనకాలే పరిగెత్తింది.

"పిల్లని కొట్టకు చంద్రమ్మా. సోమవారం మళ్లీ తీసుకురా."

"మళ్ల గదే అడుగుతరు గద మేడం."

"అడగనివ్వను."

ఆదివారం మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లి, జాకెట్టు గుడ్డల్లో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకుంది. చిలకాకుపచ్చ, ముదురాకుపచ్చ, పసుపుపచ్చ, నిమ్మపండు రంగు, వంగపండు రంగు. ప్రతి రంగులోనూ ఒక ముక్క అట్ట మీద, దాని జోడు సీసా మూత మీద మైదా జిగురుతో అంటించింది. జిగురు ఉండలు కట్టింది, గుడ్డ అంచులు పీచులు లేచాయి. అయినా సరే, ఈ ఆటలో ఏ రంగు పేరూ చెప్పక్కర్లేదు. మూతని దాని జోడు మీద పెడితే చాలు.

సోమవారం కనకలక్ష్మిగారు అట్ట చూసి మూతి విరిచారు. "ఫారిన్ దిమ్మల సెట్టు ఉండగా ఈ చెత్తేమిటమ్మా?"

"ఒక్కసారి చూడండి మేడం."

నాగేశ్వరి కింద చతికిలబడింది. చిలకాకుపచ్చ మూతని ముదురాకుపచ్చ గుడ్డ మీద పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి, తీసి సరైన చోట పెట్టింది. మిగతావన్నీ చకచకా సర్దేసింది.

"మరి మొన్న పచ్చ అంటే పసుపు చూపించిందేం?"

"పచ్చకామెర్లు వస్తే కళ్లు ఏ రంగులోకి తిరుగుతాయండి?"

కనకలక్ష్మిగారు బల్ల మీది పసుపు దిమ్మని చేతిలోకి తీసుకున్నారు.

"వాళ్లింట్లో పచ్చంటే అదే. మా అమ్మమ్మకీ అంతే," అంది కృష్ణప్రియ.

"కావచ్చు. ఇక్కడ ఇంగ్లీషులో పేర్లు రావాలి. రూలు రూలే. నువ్వు మరీ ముందుకెళ్తున్నావు, నీ ఉద్యోగం సంగతి కూడా చూసుకో."

కృష్ణప్రియకి భయం వేసింది. కోపం మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

"పేర్లు వచ్చిన పిల్లల్నే చేర్చుకుంటే ఇక్కడ నేనెందుకండి? నేర్పడానికేగా నన్ను పెట్టుకున్నారు. రాని పిల్లని ఇవ్వండి."

జవాబు కోసం ఆగలేదు. నాగేశ్వరి చెయ్యి పట్టుకుని క్లాసు గుమ్మం దాకా నడిపించి, చెప్పులు విప్పించి, లోపల చాప మీద కూర్చోబెట్టింది.

చంద్రమ్మ బయట అటూ ఇటూ చూసింది. "ఉంచి పోవాల్నా, తీస్కపోవాల్నా మేడం?" అని కనకలక్ష్మిగారినే అడిగింది.

ఆవిడ ప్లాస్టిక్ దిమ్మలు డబ్బాలో వేసుకుంటూ, తలెత్తకుండా అన్నారు: "పన్నెండింటికి వచ్చి తీసుకెళ్లు."