కవలలైపోయిన పిడుదులు

సోమవారం మధ్యాహ్నం వసుమతి లాబ్‌లో పరీక్ష ముగించేసరికి టెక్సస్ పిడుదులకీ మెక్సికో పిడుదులకీ మధ్య ఉన్న తేడా మొత్తం మాయమైపోయి ఉంది.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ఆరు ప్రాంతాల్లో పశువుల ఒంటిమీంచి ఏరి తెచ్చిన పిడుదులవి. వాటిని నూరి, ఆ రసాన్ని స్టార్చ్ కాచి పోసిన పలకలో పెట్టి, కరెంటు పంపి, రంగు వేస్తే గీతలు పడతాయి. ఏ ప్రాంతం పిడుదుకి ఆ ప్రాంతపు గీతలు. రెండేళ్లుగా బుద్ధిగా పడుతున్నాయి. ఇవాళ ఆరింటికీ ఒకటే మరక, ఒలికిన సాంబారులా.

"తేడా లేకపోతే ప్రాజెక్టూ లేదు," అన్నాడు బాస్ హారిస్. "రేపు సాయంత్రం డబ్బులిచ్చే వాషింగ్టన్ వాళ్లొస్తున్నారు. అప్పటికి గీతలు చూపించు."

ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటే వీసా.

కరెంటు చెక్ చేసింది. బాగానే ఉంది. రంగు మార్చింది. లాభం లేదు. చివరికి స్టార్చ్ డబ్బా మూత తీసి, చిటికెడు తీసి నలిపింది. వాసన చూసింది. ధైర్యం చేసి నాలిక మీద వేసుకుంది.

బియ్యప్పిండి.

సరిహద్దు దగ్గరి ఆ చిన్న ఊళ్లో బియ్యప్పిండి ఉన్న ఇల్లు ఒకటే. అది తనదే.

ఇంటికి డ్రైవ్ చేసింది. భర్త కృష్ణమోహన్ ఉగాది నాటకంలో రాజు వేషం రిహార్సల్ చేసుకుంటూ తలుపు తీశాడు. అతను ఆగాక కూడా పంచె ఫెళఫెళమంటూనే ఉంది.

"ఏమండీ, శనివారం నన్ను తీసుకెళ్లడానికి లాబ్‌కి వచ్చారు. నేను చేతులు కడుక్కునేలోపు ఏం చేశారు?"

"పిడుదుల్ని చూశాను."

"పంచె ఎందుకలా నిలబడింది?"

"రాజు పంచె కదా. రాజసం."

"రేపటికి గీతలు రాకపోతే మనం పెట్టెలు సర్దుకోవాలి."

కృష్ణమోహన్ ముఖం పాలిపోయింది. కుర్చీలో కూలబడబోయాడు. పంచె వంగలేదు. నిలబడే చెప్పాడు.

"నేనే వసూ. శుక్రవారం నీకోసం లాబ్‌కి వచ్చినప్పుడు డబ్బా మీద స్టార్చ్ అని చదివాను. స్టార్చ్ అంటే గంజే కదా, పిడుదులకి అంత తెల్లటి గంజెందుకు అనిపించింది. ఊరికే తీసుకుంటే దొంగతనమవుతుందని, శనివారం మన బియ్యప్పిండి తెచ్చి, డబ్బాలో గంజి తీసుకుని, బదులుగా సరిసమానంగా పోశాను. నా పంచెకి పెట్టగా మిగిలింది, నాటకంలో సైనికుల పంచెలకని దాచాను, కార్ డిక్కీలో అలాగే ఉంది, తీసుకెళ్లిపో. అయినా అదీ గంజే, ఇదీ గంజే. మనుషులమే కనిపెట్టలేం, పిడుదులకి తేడా తెలుస్తుందని నేనెలా అనుకుంటాను?"