రెండు ఎడమచేతుల రాకాసి

ఈ వృత్తాంతాన్ని చెప్పినవాడు ఒక టీవీ స్టూడియోలో ఇరవై రెండేళ్ళు లైట్లు సర్ది పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. మంగలి దుకాణంలో తన వంతు కోసం కూర్చుని ఒకసారి, రైలు ఆలస్యమైనప్పుడు మరోసారి చెప్పాడు. రెండుసార్లకూ తేడా వచ్చింది చివరి రాకాసి కాళ్ళ లెక్కలో మాత్రమే. కనుక తక్కినదంతా నమ్మదగినదే.

ఆ స్టూడియోలో కుట్టుగది దర్జీ పిన్నిది. రోజూ తొమ్మిదింటికి తలుపు తీసి, మిషనుకు నూనె వేసి, రాకాసుల్ని కుట్టడం ఆమె పని. సీరియల్లో ఒక పదిహేడేళ్ళ పిల్ల తన స్నేహితులతో కలిసి వారానికొక రాకాసిని చంపేది. అందరూ ఆమెను వేటపిల్ల అనేవారు. షూటింగు ముగిసి, లోపలి నటుడు వేషం విప్పి మొహం కడుక్కోవడానికి వెళ్ళగానే, చచ్చిన రాకాసి తనంతట తానే నడిచివచ్చి కుట్టుగది బల్లమీద కూర్చునేది. కత్తి దిగినచోట పిన్ని కుట్టు వేశాక, తన కొక్కేనికి తానే తగులుకునేది. దాని గాయం కుట్టనిదే పిన్ని టీ ముట్టేది కాదు. ఇందులో వింత ఎవరికీ కనిపించలేదు. టీ తెచ్చే ఆయన మాత్రం, దారికడ్డంగా తోకలు చాపుతున్నాయని సణిగేవాడు.

పిన్నిది ఎడమచేతి వాటం. పైగా చూపు మందగిస్తోంది. గతవారం మూడుకళ్ళ రాకాసికి తన చేతినే కొలతగా పెట్టుకుని, రెండూ ఎడమచేతులే కుట్టేసింది. అది టీవీలో ఊరంతా చూసింది.

"పిన్నిగారూ, ఆదివారం ఆఖరి భాగం," అన్నాడు మేనేజరు. "ఈ సాయంత్రం ఐదింటికల్లా పెద్ద రాకాసి తయారవ్వాలి. ఈ మూడుకళ్ళదాని చెయ్యీ మార్చేయండి. ఒక్క కుట్టు వంకరపోయినా పని బయటివాళ్ళకిచ్చేస్తాను. మీరు హాయిగా ఇంట్లో ఉండండి."

ఆ 'హాయిగా' అన్న మాట వినగానే పిన్ని మిషను ముందు కూర్చుంది. ఇంట్లో ఆమెను పలకరించేది గోడ గడియారం ఒక్కటే.

మూడుకళ్ళదానికి కొత్త కుడిచెయ్యి మిషనుమీద కుట్టి, దూది కూరి పక్కన పెట్టింది. పెద్ద రాకాసిని మొదలుపెట్టేసరికి మధ్యాహ్నమైంది. సూదిలోకి దారం ఎంతకీ ఎక్కదు. వేటపిల్ల, ఆమె స్నేహితుడిగా నటించే బొద్దబ్బాయి వచ్చారు.

"రాకాసికి రెండూ ఎడమచేతులైతే కొంపేం మునిగింది పిన్నీ?" అంది వేటపిల్ల.

"నీ వకాల్తా చాల్లే, ముందు ఈ దారం ఎక్కించు."

వేటపిల్ల పదిసార్లు ప్రయత్నించి వేలు గుచ్చుకుంది.

"అరవై రాకాసుల్ని చంపి, సూది చేతిలో ఓడిపోయావా!" అన్నాడు బొద్దబ్బాయి.

"నువ్వు రా మరి, మొనగాడివి!"

మొనగాడు దారాన్ని తడిపి తడిపి పీచు చేసి ఊరుకున్నాడు.

పిన్ని నిట్టూర్చింది. కనీసం పాత చెయ్యైనా ఊడదీసి పెడదామని కత్తెర తీసుకుని, "దా నాయనా, కూర్చో," అని మూడుకళ్ళదాన్ని పిలిచింది. అది కొక్కెం దిగి వచ్చింది. చెయ్యి చాపడానికి బదులు సూది అందుకుని, నడిమి కంటికెదురుగా పట్టుకుని, ఒక్క పోటున దారం ఎక్కించి ఇచ్చింది. నలభై ఏళ్ళుగా కుడిచేతివాళ్ళు ఏది అందించినా పిన్ని చేతికి అడ్డం తిరిగేది. ఎడమచేత్తో ఇచ్చిన ఈ సూది మాత్రం తిన్నగా వచ్చి వేళ్ళమధ్య ఇమిడింది.

పిన్ని కత్తెర సొరుగులో పెట్టేసింది. అది అందించింది, ఆమె కుట్టింది.

ఐదింటికి మేనేజరు వచ్చి ఒక్కో కుట్టునూ వేలితో తడిమాడు. "బాగుంది. మరి దీని చెయ్యి?"

"కుదరదు బాబూ. అది మారిస్తే రేపట్నించి నాకు సూది ఎవరందిస్తారు?"

మేనేజరు మూడుకళ్ళదాన్ని ఎగాదిగా చూశాడు. "సరే. చివర్లో పేర్లు వేస్తాం కదా, దీన్నేమని వెయ్యమంటారు?"

పెద్ద రాకాసి ఆదివారం ఘనంగా చచ్చి, తన కాళ్ళన్నిటితోనూ నడిచివచ్చి బల్లమీద కూర్చుంది. వేటపిల్ల ఇప్పుడు వేరే సీరియల్లో కోడలు. కత్తి లేక చేతులు దురదపెడుతున్నాయంటుంది. బొద్దబ్బాయి చిక్కిపోయాడు, ఎవరూ గుర్తుపట్టడం లేదు. మేనేజరు రెండు సీరియళ్ళకు మేనేజరయ్యాడు. పిన్ని నేటికీ తొమ్మిదింటికే తలుపు తీస్తుంది. టీ ఆయన సణుగుతూనే ఆ గదికి రెండు కప్పులు తెస్తాడు. ఆ కొత్త కుడిచెయ్యి మిషను పక్కన మేకుకు వేలాడుతోంది, ఒళ్ళంతా గుండుసూదులతో.