పెరట్లో శీలావతులు

దయానందం పోర్టులో క్రేన్ ఆపరేటరు. 1981లో గోపాలపట్నంలో ఇల్లు కట్టుకున్నప్పుడు పునాది మెరక చెయ్యడానికి పెరట్లోనే మట్టి తవ్వించాడు. ఆ గొయ్యి మొదటి వానలకే నిండిపోయింది. దోమలు పెరిగాయని భార్య ఆరోగ్యమ్మ పోరుపెడితే, పూడ్పిద్దామని మట్టి బండి మాట్లాడాడు. పక్కింటి చలమయ్య గోడ మీంచి చూసి ఆపాడు.

"పూడ్చకండి బావగారూ. నీళ్ళు నిలిచే గొయ్యి ఊరికే దొరుకుద్దేంటండి. చేపలేద్దాం."

చలమయ్యది తాడేపల్లిగూడెం పక్క పల్లెటూరు. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. రోజూ ఒకే బస్సెక్కి డ్యూటీకి పోతూ వస్తూ ఇద్దరూ బావలైపోయారు.

మరుసటి జూలైలో చలమయ్య సెలవు పెట్టి ఊరెళ్ళి, రెండు బిందెల్లో చేపపిల్లలు తెచ్చాడు. శీలావతులు, కొన్ని బొచ్చెలు. దారి పొడుగునా ప్యాసింజరు రైల్లో బిందెల్లో చేతులు పెట్టి నీళ్ళు కదుపుతూనే ఉన్నాడట. ఆ రోజు చేతులు స్వాధీనంలో లేకపోతే అతని భార్య నాగమణి అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

పగలంతా క్రేను గదిలో ఒక్కడే కూర్చునే దయానందానికి ఆ గొయ్యే లోకమైంది. డ్యూటీ దిగి రాగానే తవుడు, తెలకపిండి కలిపి గట్టు మీద కూర్చునేవాడు. డబ్బా చప్పుడుకే చేపలు మూగేవి. ఏడాది దాటేసరికి నూటికి పైగా మిగిలాయి. కొన్ని కిలో తూగేలా ఉన్నాయి.

"సగం పట్టేద్దామండి," అన్నాడు చలమయ్య దసరా వెళ్ళాక. "గొయ్యి ఇరుకైపోయింది."

"క్రిస్మస్ దాకా ఆగు బావ. సర్చి సంగమంతటికీ నా సేతుల్తో పెంచిన సేపల పులుసు పెడతాను."

"అంతవరకూ ఆగవండి. నా మాటినండి."

నాలుగు రోజులకు మళ్ళీ అదే మాటన్నాడు. ఆ తర్వాత ఇంకోసారి. దయానందానికి విసుగొచ్చింది.

"నీ వాటా ఎక్కడికీ పోదులే బావ. అంత తొందరేటి?"

చలమయ్య మొహం మాడిపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గోడ దగ్గరికి రాలేదు.

నవంబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు సూర్యుడు కనిపించలేదు. చేపలు సరిగా తినడం లేదని దయానందం తెలకపిండి ఇంకాస్త ఎక్కువ వేశాడు. నాలుగో రోజు తెల్లవారుతుండగా పెరట్లో నీళ్ళ చప్పుడైతే లేచి వెళ్ళాడు.

గోతి నిండా చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. కొన్ని అప్పటికే తెల్లటి పొట్టలు పైకి పెట్టాయి. వాటి మధ్య నడుంలోతు నీళ్ళలో చలమయ్య, చేతిలో బకెట్టుతో.

"గాలందట్లేదండి! మీరూ దిగండి, నీళ్ళు బాదండి," అంటున్నాడు.

దయానందానికి ఆ మాటలు చెవికెక్కలేదు. వాటా మాట, గోడ దగ్గరికి రావడం మానేసిన మనిషి, ఇప్పుడు చేతిలో బకెట్టు. ఇవే కనిపించాయి. చొక్కా పట్టుకుని గట్టు మీదికి ఈడ్చాడు.

"ఏటి కలిపావు? సెప్పు. ఎండ్రినేనా?"

"నేను తెచ్చిన చేపలకి నేనే మందు పెడతానాండీ? వదలండి, ఇంకా బతికున్నాయి..."

వదల్లేదు. వీధిలోకి లాక్కెళ్ళి జనం ముందర నిలబెట్టాడు. విషం పెట్టాడని నలుగురూ వినేలా అరిచాడు. అరుస్తున్నంతసేపూ వెనక గోతిలో మిగిలిన చేపలు కూడా చచ్చిపోయాయి. చలమయ్య తడిబట్టలతో తల వంచుకుని ఇంట్లోకి వెళ్ళాడు. మూడు నెలలకు ఇల్లు ఖాళీ చేశాడు. స్టీలు ప్లాంటులో పని దొరికిందని ఎవరో అన్నారు. దయానందం ఆ గొయ్యి పూడ్పించేశాడు.

ఏడేళ్ళ తర్వాత, భీమిలి అవతల బంధువులింట్లో పెళ్ళికెళ్ళి, మబ్బు పట్టిన ఒక పొద్దున కాలవ వైపు నడుస్తుంటే చేపల చెరువొకటి కనిపించింది. నలుగురు కూలీలు నడుంలోతు నీళ్ళలో దిగి వెదురు బద్దలతో నీళ్ళు బాదుతున్నారు.

"ఏటి సేత్తన్నారు?" అని అడిగాడు.

"మబ్బేసినప్పుడు నీళ్ళల్లో గాలి సాలదు బాబూ. సేపలు పైకొచ్చేత్తాయి. ఇలా బాదితే గాలి కలుత్తాది," అన్నాడు గట్టు మీద నిలబడ్డ చెరువు కాపలాదారు పోలిరాజు. "మేత ఎక్కువేసినా ఇంతే."

దయానందం మధ్యాహ్నం దాకా ఆ గట్టు మీదే కూర్చున్నాడు. పెళ్ళి భోజనానికి కూడా వెళ్ళలేదు.

ఆ ఆదివారమే వెతుక్కుంటూ స్టీలు ప్లాంటు క్వార్టర్సుకు వెళ్ళాడు. చలమయ్య జుట్టు నెరిసింది. కుర్చీ వేసి కూర్చోమన్నాడు. దయానందం ఉన్నదంతా చెప్పి, "తప్పు నాదే బావ. నాను మూర్ఖుడిలా సేశాను," అన్నాడు.

"ఎప్పటి మాటోనండి. నేను మర్చిపోయాను," అన్నాడు చలమయ్య.

కాఫీ తెచ్చిన నాగమణి గ్లాసు బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది.

"ఆయన మర్చిపోతారండి. నాకు కుదర్లేదు. ఆ మూడు నెల్లూ వీధి కుళాయి దగ్గర వరసలో నన్ను బిందె పెట్టనివ్వలేదు. నేను ముట్టుకున్న కుళాయి కడుక్కుని పట్టుకునేవారు. విషం పెట్టినోడి పెళ్ళాన్ని కదండీ."

దయానందానికి ఇది తెలియదు. చలమయ్య, "కాఫీ చల్లారిపోద్ది, తాగండి," అన్నాడు. తాగి లేచాడు. గుమ్మం దాకా ఎవరూ రాలేదు.

ఇంటికొచ్చి ఆరోగ్యమ్మకు చెప్పాడు. కుళాయి సంగతి కూడా చెప్పాడు. ఆమె మర్నాటి బియ్యంలో రాళ్ళేరుతూ వింది.

"నాకు తెలుసు," అంది చివరికి. "నానూ ఆ వరసలోనే నిలబడ్డాను."

"మరి సెప్పలేదేటి?"

"ఏటని సెప్పను? మీరే కదా అందరికీ సెప్పారు. నాగమణి నా వైపు సూసేది. నాను బిందె కేసి సూసుకునేదాన్ని."

చేట పక్కన పెట్టి లేచి, "అన్నం వడ్డించమంటారా?" అని అడిగింది. అతను వద్దన్నాడు. ఆమె కూడా తినలేదు.